వైన్స్ బోర్డు, బల్ల మీది గిన్నె: మద్యం గురించి బైబిల్ అసలేమంటోంది?

క్లుప్తంగా: బైబిల్ ద్రాక్షారసాన్ని పూర్తిగా నిషేధించలేదు. తాగి మత్తెక్కడాన్ని మాత్రం ఎక్కడా సమర్థించలేదు. తెలుగు అనువాదంలోని ఒక్క మాట, కాలంతో పాటు పెరిగిన మద్యం ఘాటు, చర్చి శాఖల వేర్వేరు చరిత్రలు కలిసి ఈ విషయాన్ని చిక్కుముడి చేశాయి. వాక్యాల్లో ఏముంది, ఆశానిగ్రహం ఏ దశలో పనిచేస్తుంది, ఎక్కడ డాక్టర్ అవసరమవుతాడు అన్నది ఈ వ్యాసంలో చూడవచ్చు.

హైదరాబాద్‌లో మద్యం దుకాణాన్ని అందరూ 'వైన్స్' అనే అంటారు. బోర్డు మీద కూడా అదే రాసి ఉంటుంది. లోపల చూస్తే అరల నిండా విస్కీ, బ్రాందీ, రమ్ము, పక్కన ఫ్రిజ్‌లో బీర్లు. ద్రాక్షతో చేసిన అసలు వైన్ సీసాలు ఏ మూలనో నాలుగు కనిపిస్తే గొప్ప. అదే వీధిలో ఆదివారం పొద్దున, యేసు చివరి భోజనాన్ని గుర్తుచేసుకునే బల్ల ఆరాధనలో (ప్రభు భోజనం) బొటనవేలంత గ్లాసులో పంచేదాన్ని 'ద్రాక్షారసం' అంటారు. చాలా తెలుగు చర్చిల్లో అది శనివారం సాయంత్రం ఎవరో ఒక అమ్మగారు నల్లద్రాక్ష ఉడికించి, పల్చటి గుడ్డలో పిండి, చక్కెర కలిపి చల్లార్చిన రసం. ఇక బైబిల్ తెరిస్తే కానా పెళ్లిలో అయిపోయిందీ ద్రాక్షారసమే, నోవహు తాగి గుడారంలో ఒంటిమీద బట్ట లేకుండా పడిపోయిందీ ద్రాక్షారసమే.

ఈ మూడింటినీ ఒకటిగా చూస్తే ఎటువైపు వాదనైనా తేలిగ్గా నడుస్తుంది. పెళ్లి దావత్‌లో ఒకాయన "యేసే నీళ్లని ద్రాక్షారసం చేశాడు కదా, మనకెందుకీ పట్టింపు" అంటాడు. పక్కనున్నాయన "అది జ్యూస్ బాబూ" అంటాడు. క్రిస్మస్ దగ్గరపడితే ఈ మాటలు ఇంకా గట్టిగా వినిపిస్తాయి. వచనాలు విడిగా పట్టుకుంటే ఇద్దరికీ ఆధారం దొరుకుతుంది, చిక్కంతా అక్కడే ఉంది.

అనువాదంలో దాగిన తేడా

పాత నిబంధన హీబ్రూలో ఎక్కువగా కనిపించే మాట 'యాయిన్'. కొత్త నిబంధన గ్రీకులో 'ఒయినోస్'. రెండూ పులిసిన ద్రాక్షారసాన్నే చెబుతాయి. పాత తెలుగు బైబిల్లో వీటికి చాలాచోట్ల 'ద్రాక్షారసము' అని వేశారు. ఆ మాట నేటి తెలుగు చెవికి పండ్లరసంలా వినిపిస్తుంది. చెడు అర్థం వచ్చేచోట మాత్రం అనువాదం మాట మార్చింది. ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయంలో "మద్యముతో మత్తులైయుండకుడి" అని ఉంది. అక్కడ గ్రీకులో ఉన్నదీ కానా పెళ్లిలో ఉన్నదీ ఒకే మాట, ఒయినోస్. దాంతో మంచిది ద్రాక్షారసం, చెడ్డది మద్యం అనే రెండు పానీయాల బొమ్మ తెలుగు పాఠకుడి మనసులో పడిపోతుంది. మూలంలో ఆ గీత లేదు.

'అది జ్యూస్' అనే వాదనకు ఇబ్బంది తెలుగు బైబిల్ నుంచే వస్తుంది. నోవహు జ్యూస్ తాగి ఒళ్లు మరవలేదు. కానాలో విందు ప్రధాని పెళ్లికొడుకుతో అన్న మాట చూడండి: అందరూ ముందు మంచి ద్రాక్షారసం పోసి, జనం మత్తుగా ఉన్నప్పుడు 'జబ్బు రసము' పోస్తారు, నువ్వు మంచిదాన్ని ఇప్పటిదాకా దాచావు అంటాడు. మత్తు ఎక్కని పానీయం గురించి ఎవరూ ఇలా మాట్లాడరు. కొరింథు సంఘంలోనైతే ప్రభు భోజనం దగ్గరే ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడని పౌలు చీవాట్లు పెట్టాడు.

దీనికి ప్రకృతి కారణం కూడా ఉంది. ద్రాక్ష తొక్క మీద ఈస్ట్ సహజంగానే ఉంటుంది. పిండిన రసాన్ని ఆ వేడి దేశంలో వదిలేస్తే కొద్ది రోజుల్లోనే పులుస్తుంది. అక్కడ ద్రాక్ష కోత వేసవి చివర్లో, యేసు చివరి భోజనం చేసిన పస్కా పండుగ వసంతంలో. నెలల తరబడి పులియకుండా రసం నిల్వ పెట్టడం చాలా కష్టం. దానికి తేలికైన దారి 1869లో దొరికింది. అమెరికాలో థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అనే దంతవైద్యుడు, మెథడిస్టు విశ్వాసి, పాశ్చర్ పద్ధతిలో రసాన్ని వేడిచేసి పులియకుండా సీసాల్లో పట్టాడు. అది ప్రభు భోజనం కోసమే చేసిన ప్రయత్నం. బైబిల్లో పులిసిన రసం, పులియని రసం అని రెండు ఉన్నాయనే సిద్ధాంతానికి కూడా ఆ 19వ శతాబ్దపు మద్యనిషేధ ఉద్యమాల్లోనే బలం వచ్చింది. హీబ్రూలో 'తీరోష్' అనే మాట కొన్నిచోట్ల అప్పుడే తీసిన కొత్త రసాన్ని సూచిస్తుంది, అంతవరకు ఆ వాదనలో పస ఉంది.

ఆనాటి గిన్నె, ఈనాటి క్వార్టర్

'యేసే చేశాడు కదా' అనే వాదన ఇంకోచోట దెబ్బతింటుంది. ఆ కాలంలో మద్యానికి పులియబెట్టడం ఒక్కటే పద్ధతి. ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఈస్ట్ అందులోనే చచ్చిపోతుంది కాబట్టి ద్రాక్షారసం మామూలుగా 12, 14 శాతం దగ్గర ఆగిపోతుంది. సారా బట్టీలో లాగా ఆవిరి పట్టి ఘాటు పెంచడం మద్యం తయారీలో వ్యాపించింది మధ్యయుగాల్లో. తెలుగు బైబిల్లో 'మద్యము' అని వచ్చే చాలాచోట్ల హీబ్రూలో 'షేకార్' ఉంటుంది. అది ధాన్యంతోనో ఖర్జూరంతోనో పులియబెట్టిన పానీయం. మన ఈతచెట్టు ఆ ఖర్జూరానికి దగ్గరి చుట్టమే కాబట్టి, పోల్చాలంటే షేకార్‌ని విస్కీతో కాక కల్లుతో పోల్చాలి.

దానికి తోడు నీళ్లు. గ్రీకు, రోమన్ సమాజాల్లో ద్రాక్షారసాన్ని నీళ్లు కలపకుండా తాగడం మొరటుతనం. కతోలిక బైబిల్లో ఉండే మక్కబీయుల రెండో గ్రంథం చివరి వాక్యం కూడా నీళ్లు కలిపిన ద్రాక్షారసమే రుచి అంటుంది. అంతకుముందు ఇశ్రాయేలులో ఈ అలవాటు ఇలా ఉన్నట్టు లేదు. నీళ్లు కలిసిన ద్రాక్షారసాన్ని యెషయా మొదటి అధ్యాయంలో కల్తీ సరుకుగానే చెబుతాడు, మన ఊళ్లో నీళ్ల కల్లు అన్నట్టు. కొత్త నిబంధన కాలానికి మాత్రం కలిపి తాగడం మామూలు సంగతి.

ఇప్పుడు లెక్క చూద్దాం. 12 శాతం ద్రాక్షారసం ఒక వంతుకి రెండు వంతుల నీళ్లు కలిపితే 4 శాతానికి దిగుతుంది. 150 మిల్లీలీటర్ల గిన్నెలో 6 మిల్లీలీటర్ల ఆల్కహాల్. వైన్స్‌లో కొనే విస్కీ క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్, బరువులో దాదాపు 61 గ్రాములు. ఆ నీళ్లు కలిపిన గిన్నెలు పదమూడు తాగితే ఒక్క క్వార్టర్ అవుతుంది. గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల వరకే కాలేయం కరిగించగలదు. కాబట్టి ఆ క్వార్టర్ పూర్తిగా దిగడానికి ఆరు నుంచి తొమ్మిది గంటలు. శనివారం రాత్రి పన్నెండుకి గ్లాసు దించినవాడు ఆదివారం ఎనిమిది గంటల ఆరాధనలో కూర్చునే వేళకి ఇంకా కొంత అతని రక్తంలో తిరుగుతూనే ఉండొచ్చు.

అయినా కానాలో చిన్న మోతాదేమీ లేదు. రెండేసి మూడేసి తూములు పట్టే ఆరు రాతిబానలంటే నేటి కొలతలో సుమారు 470 నుంచి 700 లీటర్లు. పల్లెలో రోజుల తరబడి సాగే పెళ్లి అనుకున్నా అది ధారాళమే. బైబిల్ ఆ ధారాళాన్ని దాచలేదు.

సామెతల గ్రంథంలో తాగుబోతు

ద్రాక్షారసం మనిషి హృదయాన్ని సంతోషపెడుతుందని 104వ కీర్తన దాన్ని దేవుడిచ్చిన వరాల్లో ఒకటిగా చెబుతుంది. ఇదే బైబిల్లో సామెతలు 20వ అధ్యాయం "ద్రాక్షారసము వెక్కిరింతల పాలుచేయును" అంటుంది. 23వ అధ్యాయం ఇంకా ముందుకెళ్లి తాగినవాడిని దగ్గరగా నిలబెట్టి చూపిస్తుంది.

ఎవరికి శ్రమ, ఎవరికి జగడాలు, ఎవరికి కారణం లేని గాయాలు అని అడుగుతూ ఆ భాగం మొదలవుతుంది. గిన్నెలో రసం ఎర్రగా తళతళలాడుతున్నప్పుడు "దానివైపు చూడకుము" అని చెబుతుంది. చివరికి అది పాములా కరుస్తుంది. తరువాత లక్షణాలు: కళ్లకు వింతలు కనబడతాయి, నోరు వెర్రిమాటలు మాట్లాడుతుంది, నడిసముద్రంలో పడుకున్నట్టు తల ఊగుతుంది. ఆఖరున తాగినవాడే మాట్లాడతాడు. నన్ను కొట్టారు కానీ నాకు నొప్పి తెలియలేదు, ఎప్పుడు మేలుకుంటాను, మళ్లీ దాన్నే వెతుక్కుంటాను అంటాడు. తెల్లారి వైన్స్ షట్టర్ ఎప్పుడు లేస్తుందా అని ఎదురు చూసేవాడిని దగ్గర నుంచి చూసినవారికి ఈ ఆఖరి మాట కొత్తగా అనిపించదు. వ్యసనం అనే వైద్యపదం పుట్టకముందే దాని ముఖ్య లక్షణం, దెబ్బ తిన్నాక కూడా అదే కావాలనిపించడం, ఇక్కడ కనిపిస్తుంది.

అసలే ముట్టనివారు కూడా బైబిల్లో ఉన్నారు, వారి కారణాలు మాత్రం ఒకటి కావు. తనను దేవునికి ప్రత్యేకించుకునే నాజీరు మొక్కు ఉన్నవాడు మద్యమే కాదు, పచ్చి ద్రాక్షపండు, ఎండుద్రాక్ష కూడా ముట్టకూడదు. అది మొక్కు ఉన్నన్ని రోజులే. యాజకుడు ప్రత్యక్షపు గుడారంలోకి వెళ్లేటప్పుడు తాగకూడదు, ఇప్పటి మాటలో డ్యూటీ నిబంధన. లెమూయేలు రాజుకు తల్లి నేర్పిన కారణం అధికారం: రాజు తాగితే చట్టం మరిచి దీనుల తీర్పు తారుమారు చేస్తాడు. రేకాబీయులు తమ పూర్వికుడు యెహోనాదాబు మాటకు కట్టుబడి తరాల తరబడి ద్రాక్షతోట కూడా పెట్టలేదు. యిర్మీయా గ్రంథం మెచ్చుకున్నది వారి విధేయతను, అందరూ వారిలాగే ఉండాలని అది చెప్పలేదు. బాప్తిస్మమిచ్చే యోహాను ముట్టలేదు, యేసు విందుల్లో కూర్చున్నాడు. యోహానుకు దయ్యం పట్టిందన్న నోళ్లే యేసును తిండిబోతు, మద్యపాని అన్నాయని మత్తయి 11వ అధ్యాయం చెబుతుంది.

కడుపుజబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని తిమోతికి పౌలు రాసిన సలహా దావత్‌లలో బాగా పలుకుబడి ఉన్న వాక్యం. "ఇకమీదట నీళ్లే త్రాగక" అని అదే వాక్యం మొదలవుతుందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆనాటి నీళ్లు నమ్మదగినవి కావు, మందులు తక్కువ. ఈనాడు గ్యాస్ట్రిక్ సమస్యతో వెళితే ముందు తాగుడు మానమనే డాక్టర్లే కానీ క్వార్టర్ రాసిచ్చే డాక్టర్ లేడు. ఆల్కహాల్ విషయంలో ఏ మోతాదూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ ఆల్కహాల్ పానీయాలను మొదటి వర్గం క్యాన్సర్ కారకాల్లో పెట్టింది.

ఆశానిగ్రహం ఏ దశలో పనిచేస్తుంది

గలతీ పత్రిక 5వ అధ్యాయంలో ఆత్మ ఫలాల్లో చివరిది ఆశానిగ్రహం. గ్రీకులో 'ఎన్‌క్రతేయా', తన మీద తనకు పట్టు ఉండటం. అదే అధ్యాయంలో, రెండు వచనాల ముందే, శరీర కార్యాల పట్టికలో మత్తు ఉంది. ఆ గుణం లేనివాడి స్థితిని సామెతలు 25వ అధ్యాయం ప్రాకారం కూలిన ఊరితో పోల్చింది. గోల్కొండ చూసినవారికి ఈ పోలిక విడమరిచి చెప్పక్కర్లేదు. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు బయటే నిలిచింది, 1687లో ఒక తలుపు లోపలి నుంచి తెరుచుకున్నాక కోట పడిపోయింది.

ఇక్కడ ఒక అపోహ ఉంది. 'నాకు కంట్రోల్ ఉంది, రెండు పెగ్గులతో ఆపేస్తాను' అనే మాట గ్లాసు చేతికి రాకముందు నిజమే కావచ్చు. ఆపాలని నిర్ణయించే పని మెదడు ముందు భాగానిది. ఆల్కహాల్ మొదట మందగింపజేసేవాటిలో ఆ భాగం ఒకటి. మూడో పెగ్గు గురించి తీర్పు చెప్పాల్సిన జడ్జి అప్పటికే రెండు పెగ్గులు వేసుకుని కూర్చున్నాడన్నమాట. బైబిల్ హెచ్చరికలు చాలావరకు గ్లాసు కంటే ముందే ఎందుకు వస్తాయో దీంతో అర్థమవుతుంది. సామెతలు 23వ అధ్యాయం చూడొద్దంటుంది, ద్రాక్షారసం తాగేవారితో సహవాసం వద్దంటుంది. బబులోనుకు బందీగా వెళ్లిన దానియేలు కూడా అక్కడి రాజు వడ్డించేదాకా ఆగలేదు. ముందే నిశ్చయించుకున్నాడు, పైఅధికారిని అడిగాడు, పది రోజులు శాకధాన్యాలు, నీళ్లు ఇచ్చి చూడమని బేరం పెట్టాడు. ఆఫీసు పార్టీకి వెళ్లే ముందే 'నేను బండి మీద వస్తున్నా, తాగను' అని మేనేజర్‌కి చెప్పేసే కుర్రాడు చేస్తున్నది దాదాపు ఇదే.

సామెతలు 23వ అధ్యాయమే తాగుబోతునీ తిండిబోతునీ ఒకే వాక్యంలో కలిపింది. బిర్యానీ మూడో ప్లేటు గురించి ఏ సంఘమూ ఎవరినీ బల్ల నుంచి ఆపిన దాఖలా లేదు.

పౌలు కొరింథీయులకు రాసిన మాట ఈ చర్చకు ఇరుసు లాంటిది. "అన్నిటియందు నాకు స్వాతంత్ర్యము కలదు" అంటూనే దేనికీ లోబడనని అంటాడు. తాగవచ్చా అనే ప్రశ్న దీంతో 'ఇది లేకుండా శుక్రవారం సాయంత్రం గడుస్తుందా' అనే ప్రశ్నగా మారుతుంది. రోమా 14వ అధ్యాయం ఇంకొకటి కలుపుతుంది: ద్రాక్షారసం సహోదరుడికి అడ్డంకి అయితే మానేయడం మంచిది. మానేసిన స్నేహితుడి ముందు సీసా తెరిచి 'ఒక్క పెగ్గే, కంపెనీ ఇవ్వు' అనడం ఈ వాక్యం కింద నేరుగా వస్తుంది. హబక్కూకు 2వ అధ్యాయం ఇంకా కటువుగా, పొరుగువాడికి తాగించేవాడికి శ్రమ అంటుంది.

శాఖకో పద్ధతి ఎందుకు

సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బసిలికాలోనో, గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథడ్రల్‌లోనో పూజలో వాడేది నిజమైన ద్రాక్ష వైన్. కతోలిక చర్చి చట్టం 924వ నిబంధన ప్రకారం అది ద్రాక్షపండు నుంచి వచ్చిన సహజమైనదై, చెడిపోకుండా ఉండాలి. కతోలికులకు మితంగా తాగడం పాపం కాదు. మితం తప్పడం తప్పు, మత్తులో బండి నడిపి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే అది ఘోర అపరాధమని వారి సత్యోపదేశ గ్రంథం 2290వ పేరా చెబుతుంది. సికింద్రాబాద్‌లో ఆంగ్లో ఇండియన్, గోవా, మలయాళీ కుటుంబాలు క్రిస్మస్‌కి ఇంట్లో నల్లద్రాక్షతో వైన్ పెట్టుకోవడం ఈ సంప్రదాయంలోంచే వచ్చింది.

ప్రొటెస్టెంట్ల కథ వేరు. 1743లో మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ తన సంఘాలకు రాసిన నియమాల్లో ఘాటైన బట్టీ మద్యం కొనడం, అమ్మడం, తాగడం వద్దన్నాడు, తప్పనిసరి అవసరం ఉంటే తప్ప. ఆనాడు ఇంగ్లండ్‌లో చవక జిన్ను పేదల ఇళ్లను తినేస్తున్న కాలం. వెస్లీ గురి బట్టీ సరుకు మీదే. తరువాతి శతాబ్దంలో అతని వారసులు ఆ గీతను వైన్ మీదికి, బీరు మీదికి జరిపారు. మెదక్ ప్రాంతానికి చార్లెస్ వాకర్ పోస్నెట్ వంటి వెస్లియన్ మిషనరీలు వచ్చేనాటికి మద్యానికి పూర్తి దూరమనేది వారి విశ్వాసంలో భాగమైపోయింది. 1947 సెప్టెంబర్ 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఈ మెథడిస్టులూ ఆంగ్లికన్లూ ఒకే గొడుగు కిందికి వచ్చారు. వైన్ పోసే సంప్రదాయం, రసం పోసే సంప్రదాయం ఒకే సంఘంలో కలవడానికి కారణం అది. సాల్వేషన్ ఆర్మీ ఇంకో కొస: అందులో సైనికుడిగా చేరేవారు మద్యం ముట్టనని ప్రమాణం చేస్తారు, ప్రభు భోజన సంస్కారమే వారి ఆచరణలో లేదు.

తెలంగాణ పల్లెల్లో ఈ దూరానికి మరో అర్థం కూడా తోడైంది. ఇక్కడ కల్లు ఒక పానీయం మాత్రమే కాదు. దేవతకు కల్లు సాక పోస్తారు, పుట్టుకలోనూ చావులోనూ కల్లు ఉంటుంది, కులపెద్దల పంచాయితీ కల్లు దగ్గరే తెగుతుంది. అలాంటి ఊళ్లో బాప్తిస్మం తీసుకున్నవాడు కల్లు మానడమంటే పాత ఆచారాల నుంచి బయటికి వచ్చానని అందరికీ కనబడేలా చెప్పడం. విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి కొరింథులో వచ్చిన పేచీకి ఇది చాలా దగ్గర. నగరానికి వలస వచ్చిన మూడో తరానికి ఆ నేపథ్యం తెలియదు, నియమం మాత్రం చేతికి వచ్చింది. అందుకే 'ఎందుకు తాగకూడదు' అని పిల్లలు అడిగితే ఇంట్లో పెద్దలు వాక్యం కోసం తడుముకుంటారు.

నగరంలో రెండు రకాల వైఫల్యం

తెలంగాణలో 2,620 వైన్స్ ఉన్నాయి, లైసెన్సులు రెండేళ్లకోసారి లాటరీలో పోతాయి. దరఖాస్తు రుసుమే 2023లో రూ.2 లక్షలు, 2025లో రూ.3 లక్షలు, లాటరీ తగలకపోయినా తిరిగి రాదు. ప్రభుత్వ ఖజానా ఇంతగా దీని మీద ఆధారపడినచోట 'దానివైపు చూడకుము' పాటించడం బబులోనులో దానియేలు పని లాంటిదే. చట్టంతో ఆపే ప్రయత్నం తెలుగువారు చూశారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టిన ఉద్యమంతో 1993లో సారా పోయింది, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. నిషేధం పోయాక మిగిలింది మళ్లీ ఇంటి స్థాయి, సంఘం స్థాయి నియమాలే.

ఆ నియమాలు రెండు రకాలుగా తప్పుతాయి. చుక్క కూడా వద్దనే సంఘంలో ప్రమాదం దాపరికం. తాగుతున్నట్టు తెలిస్తే బల్ల నుంచి ఆపేస్తారు, కాబట్టి పక్క కాలనీ వైన్స్‌కి వెళ్లడం, సోంపు నమిలి ఇంటికి రావడం మొదలవుతుంది. భార్యకు తెలుస్తుంది, పిల్లలకు తెలుస్తుంది, పాస్టర్‌గారికి చివర్లో తెలుస్తుంది. అప్పటికి అలవాటు ముదిరి ఉంటుంది. మితంగా ఫరవాలేదనే సంఘంలో ప్రమాదం ఎదురుగా ఉన్నా కనబడకపోవడం. రెండు పెగ్గులు నాలుగైనప్పుడు అడిగే హక్కు తనకుందని ఎవరూ అనుకోరు. మొదటి పద్ధతి కొత్తవారిని గ్లాసు దగ్గరికే రానివ్వకుండా కాపాడుతుంది, పడినవాడిని లేపడంలో తడబడుతుంది. రెండోది మొహమాటం లేకుండా మాట్లాడుకునే వీలిస్తుంది, ఆ మాట ఎవరు మొదలుపెట్టాలో మాత్రం చెప్పదు. తెలుగు సంఘాల్లో ఎక్కువ శాతం మొదటి పద్ధతినే ఎంచుకోవడానికి ఇక్కడి పరిస్థితుల్లో కారణం లేకపోలేదు. ఇక్కడ తాగడమంటే భోజనంతో పాటు ఒక గ్లాసు వైన్ కాదు, ఎక్కువమందికి అది తినకముందే ఖాళీ చేసే క్వార్టర్.

ఇవన్నీ డిసెంబర్ 31 రాత్రి ఒక్కచోట కనిపిస్తాయి. రాత్రి ఆరాధన ముగిసి, కొత్త సంవత్సరం వాగ్దాన వాక్యం కార్డు చేతిలో పట్టుకుని కుటుంబాలు పన్నెండున్నరకి బయటికొస్తాయి. నాలుగు వీధుల అవతల బారికేడ్లు, పోలీసులు, బ్రెత్ అనలైజర్ గొట్టం. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద కేసు, మొదటిసారికి రూ.10 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. క్యూలో చర్చి నుంచి వచ్చే స్కూటరూ పబ్బు నుంచి వచ్చే కారూ ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. గొట్టం ఇద్దరినీ ఊదమంటుంది.

అలవాటు రోగమైనప్పుడు

సాక్ష్యాల్లో తరచూ వినిపించే మాట: 'ఆ రోజు ప్రార్థన చేశాను, ఆ రోజే మానేశాను.' అలా మానేసినవారు ఉన్నారు. కానీ ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాడు హఠాత్తుగా ఆపితే శరీరం తిరగబడుతుంది. ఆల్కహాల్ అణచిపెట్టిన నాడీవ్యవస్థ ఒక్కసారిగా విడుదలై చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి లేనివి కనబడటం, తికమక మొదలైతే అది ప్రాణాంతకం కాగలదు. ఇంట్లోవారు దాన్ని దయ్యం పట్టిందనుకునే అవకాశం ఎక్కువ. 2020 లాక్‌డౌన్‌లో వైన్స్ మూసేసిన వారాల్లో ఇలాంటివారు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వరసగా వచ్చారు. కల్లు తాగేవారికి మరో చిక్కు ఉంది. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజోపామ్ వంటి మత్తు మందులు కలుపుతారు. 'కల్లే కదా' అనుకుని ఒక్కరోజులో ఆపినవాడికి వచ్చేది ఆ మందులు ఆగిన దెబ్బ. ఇలాంటివారికి ఉపవాస ప్రార్థన కంటే ముందు కావాల్సింది ఆసుపత్రి పడక. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదని వాక్యం ఎక్కడా చెప్పలేదు.

మరి ఇది పాపమా, రోగమా? కొరింథీ మొదటి పత్రిక 6వ అధ్యాయం తాగుబోతులను దేవుని రాజ్యానికి వారసులు కానివారి జాబితాలో పెట్టి, వెంటనే మీలో కొందరు ఒకప్పుడు అలాంటివారే అంటుంది. అంటే ఆ సంఘంలో మానేసినవారు పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. 1935లో అమెరికాలో తాగుడు మానాలనుకునేవారి సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది ఇలాంటి కూర్పు నుంచే. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంలో తిరిగిన ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలిచి దాన్ని మొదలుపెట్టారు. నా వల్ల కావడం లేదని ఒప్పుకోవడం అందులో మొదటి మెట్టు. సంకల్పబలాన్నే నమ్ముకునేవారికి ఇది ఓటమిలా వినిపిస్తుంది. ఆశానిగ్రహాన్ని ఆత్మ ఫలంగా చదివేవారికి అంత కొత్తగా ఉండదు, ఎందుకంటే ఫలం కాలం తీసుకుని కాస్తుంది, చెట్టు తన బలంతో పిడికిలి బిగించి కాయించేది కాదు.

మానేసినవాడు మొదటిసారి బల్ల దగ్గరికి వచ్చినప్పుడు గిన్నెలో ఏముందన్నది అతనికి వేదాంత చర్చ కాదు. ఒక చుక్క వాసనే పాత దారి గుర్తుచేయవచ్చు. ఉడికించిన రసం పోసే సంఘాల్లో ఆ బాధ లేదు. నిజమైన వైన్ వాడే కతోలిక చర్చి దీనికి దారి చూపింది. విశ్వాసులు అప్పం ఒక్కటే తీసుకున్నా అది పూర్తి సంస్కారమే. తాగుడు వ్యాధి ఉన్న ఫాదర్‌కైతే అనుమతితో 'మస్టం' అనే ద్రాక్షరసాన్ని ఇస్తారు. అది పులియడం మొదలై అక్కడే ఆపేసిన రసం, ఆల్కహాల్ దాదాపు ఉండదు. వైన్ తప్పనిసరి అన్న పీఠమే ఒక మనిషి బలహీనత కోసం ఆ గిన్నె వరకూ సడలింపు ఇచ్చింది.